పోస్టులో వచ్చిన చదువు

ఆ రోజుల్లో మా బెళుగుప్ప వైపు వేరుశనగ ఎండిపోయిన ప్రతి ఏడాదీ డిగ్రీలు విరగకాసేవి. వాన పడితే పిల్లలు చేలల్లో ఉండేవాళ్లు, పడకపోతే కాలేజీల్లో ఉండేవాళ్లు. వరసగా నాలుగేళ్లు మబ్బు మొహం చాటేసిందంటే ఆ ఊళ్లో నలుగురైదుగురు పట్టభద్రులు తయారైనట్టే. నేను అలాంటి కరువు పంటనే. (మాకు చేను లేదు. మా నాయన పరుపులు కుట్టేవాడు. కానీ చేలు ఎండితే పెళ్లిళ్లు ఆగుతాయి, పెళ్లిళ్లు ఆగితే పరుపులు ఆగుతాయి. అందరి ఇళ్లకూ తిరిగాక కరువు మా ఇంటికి కొంచెం ఆలస్యంగా వచ్చేది, అంతే తేడా.) అలా డిగ్రీ మీద డిగ్రీ చేరి, చివరికి అనంతపురంలో ఎం.బి.ఏ. పూర్తి చేశాను. అందులోనూ హెచ్.ఆర్. మా వీధిలో ఆ రెండక్షరాలకు అర్థం తెలిసినవాడు నేనొక్కణ్నే. ఆ సంగతి నాకు చాలా గొప్పగా ఉండేది.

"హెచ్చారంటే ఏం పనిరా అది?" అని అడిగాడు నాయన, పళ్ల మధ్య దారం పట్టుకుని.

"మానవ వనరులు నాయనా. మనుషుల్నే వనరులుగా చూసే పని."

"వనరంటే? బోర్లో నీళ్ల మాదిరా?"

"అట్లాంటిదే అనుకో."

"అయితే తోడుతా పోతే అయిపోతారు గదరా?" అంటూ నాయన సూదిని పరుపులోకి దించాడు. పాపం పెద్దాయన, చదువుకోలేదు కదా అని నవ్వుకున్నాను. రెండేళ్ల చదువులో మా ప్రొఫెసర్లు ఎవరూ ఆ ప్రశ్న వేయలేదు మరి.

ఎనిమిది నెలలు ఉద్యోగం రాలేదు. బెంగుళూరు బస్సెక్కిన ప్రతిసారీ "అనుభవం ఉందా?" అని అడిగేవాళ్లు. దిగిన ప్రతిసారీ "వచ్చినాదా?" అని వీధంతా అడిగేది. ఆఖరికి లారీ తోలే మా మామ నన్ను గట్టెక్కించాడు. ఆయన తాడిపత్రి నుంచి బండలు వేసుకుని ఊళ్లు తిరిగేవాడు. బండలు కోసి పాలిషు పెట్టే ఒక ఫ్యాక్టరీ యజమానికి ఎం.బి.ఏ. చదివినవాడు కావాలని విని నన్ను లారీలోనే ఎక్కించుకుని తీసుకుపోయాడు. ఆ యజమానిని అందరూ సావుకారు అనేవాళ్లు. పొలాలు, రాజకీయం, వ్యాపారం మూడూ ఉన్న కుటుంబం. విదేశాల్లో ఈ బండలు కొనేవాళ్ల మనుషులు తనిఖీకి వస్తున్నారట. పనివాళ్లను చూసుకోవడానికి చదువుకున్న మనిషి ఉన్నాడా అని వాళ్లు అడుగుతారట. ఉన్నాడు అని చూపించడానికి నేను కావాలి. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. నా ప్రతిభ చూసి పిలిచారనుకున్నాను.

"ఒరిజినలు తెచ్చినావా?" అన్నాడు సావుకారు.

"తెచ్చినా సార్."

"ఈడియ్యి."

ఇంటర్వ్యూ అంతే. మర్నాడు ఆఫీసుకు పోయేసరికి నా డిగ్రీ అద్దం బిగించుకుని గోడెక్కి ఉంది. ఒక పక్క దేవుడి పటం, ఇంకో పక్క వాళ్ల చనిపోయిన నాయన పటం, మధ్యలో నా పట్టా. సావుకారు పొద్దున్నే ఊదుబత్తి వెలిగించి దేవుడి ముందు తిప్పేవాడు, వాళ్ల నాయన ముందు తిప్పేవాడు. దారిలో ఉంది కాబట్టి నా డిగ్రీ ముందు కూడా తిప్పేవాడు. చదువుకు ఇంత మర్యాద ఇచ్చే మనిషి దొరికాడని మురిసిపోయి ఇంటికి ఫోను చేసి చెప్పాను. అసలు కాగితం ఆయన గోడ మీద ఉన్నంతకాలం నేను ఇంకో ఉద్యోగానికి పోలేనన్న చిన్న విషయం ఎం.బి.ఏ. బుర్రకు తట్టలేదు.

ఆ ఆఫీసులో నాకంటే ముందు నుంచీ ఒకావిడ ఉండేది. పనివాళ్ల హాజరు పుస్తకం, అంటే మస్టరు, ఆవిడే రాసేది కాబట్టి చిన్నా పెద్దా అందరికీ ఆవిడ మస్టరక్క. నలభై దాటిన మనిషి. ఇంటర్ తప్పింది. భర్త సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు. నేను చేరేనాటికి ఆవిడ ఒక పరీక్షకు చదువుతోంది. పనివాళ్ల వ్యవహారాలు చూసే ఉద్యోగులకు దూరాన ఏదో పెద్ద నగరంలో ఒక సంఘం ఉందట. ఆ సంఘం పుస్తకాలు పోస్టులో పంపిస్తుంది, పరీక్షలు పెడుతుంది. పాసైతే సర్టిఫికేటు, సభ్యత్వం, పేరు పక్కన రాసుకోవడానికి నాలుగు అక్షరాలు ఇస్తుంది. మధ్యాహ్నం సంగటి ముద్ద తింటూ, ఎడమచేత్తో పుస్తకం మీది బండదుమ్ము తుడుచుకుంటూ ఆవిడ చదువుకునేది. నాకు భలే నవ్వొచ్చేది.

"పోస్టులో వచ్చేది కూడా ఒగ సదువేనా అక్కా?" అన్నాను ఒకరోజు.

"ఔనప్పా, నాది పోస్టులోనే వస్తాది. కవరు చింపినాంక నేనే సదువుకోవాల. నీకైతే పంతుళ్లు నోట్లో పెట్టినారు" అంది, తల ఎత్తకుండా.

మా ఇద్దరిలో ఎవరి చదువు పెద్దదో తేలే సందర్భాలు వారానికొకటి వచ్చేవి. అన్నింటిలోనూ నేనే గెలిచానని నా నమ్మకం. పాలిషు దగ్గర పనిచేసే ఒకమ్మాయి కాన్పుకు సెలవు అడిగింది. సావుకారు మా ఇద్దర్నీ పిలిచి ఏం చేద్దామన్నాడు. సంస్థ పట్ల ఉద్యోగికి అనుబంధం ఎలా పెరుగుతుందో నేను పావుగంట చెప్పాను. మస్టరక్క మాత్రం ఏ చట్టం, ఎన్ని వారాలు, ఏ ఫారం అని మూడు ముక్కలు చెప్పి, ఆ ఫారం కూడా సొరుగులోంచి తీసి ఇచ్చింది. సావుకారు ఆ ఫారం కేసి చూసి మొహం ముడుచుకున్నాడు. నా ఉపన్యాసానికి మాత్రం "బాగ చెప్పినావప్పా" అన్నాడు. (ఖర్చులేని మాట కదా.) చూశావా అక్కా అన్నట్టు నేను మస్టరక్క వైపు చూశాను.

తనిఖీకి వచ్చేవాళ్లకు చూపించడానికి పనివాళ్లకు శిక్షణ తరగతి పెట్టమన్నారు. గోడకు నల్లబోర్డు తగిలించి, త్రికోణం గీసి, అడ్డంగా గీతలు కొట్టి, మనిషి అవసరాలు మెట్లు మెట్లుగా ఎలా పైకి పోతాయో వివరించాను. అడుగున కూడు నీళ్లు, ఆ పైన భద్రత, ఇంకా పైన గౌరవం, శిఖరాన ఆత్మసంతృప్తి. వాళ్లంతా తలల నుంచి కాళ్ల దాకా బూడిదరంగు బండబురదతో వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్లలో మడకశిర నుంచి వచ్చినాయన ఒకడు. కన్నడం, తెలుగు కలిపి మాట్లాడేవాడు. వానల్లేక మేత దొరక్క గొర్రెలన్నీ అమ్మేసి, పెళ్లాంతో పాటు ఇక్కడికి వచ్చాడు. మనిషి మహా హుషారు. అందరికీ ఆయన మడకశిరాయన, నాకూ అంతే.

"ఏన్ సార్, ఆ కొసాకు పోతే ఏముంటాది?" అన్నాడు.

"ఆత్మసంతృప్తి."

"నీళ్లు యాడుండాయి?"

"అడుగున."

"అయితే మేము అడుగునే ఉంటాంలే సామీ. పైకి నువ్వు పో" అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు. పనివాళ్ల మనోధైర్యం పెరిగినట్టు నేను నివేదికలో రాసుకున్నాను.

ఇక ఇక్కడ రాయడానికి నాకు ఇష్టం లేని సంగతి రాయాలి. కోసిన పెద్ద బండలను ఇనుప స్టాండుకు వాల్చి నిలబెట్టేవాళ్లు. ఒక స్టాండుకు కింద వెల్డింగు విడిపోయింది. ఎవరో దాని కింద చెక్కముక్క దోపారు. మస్టరక్కకు ఆ నెల పోస్టులో వచ్చిన పుస్తకం భద్రత గురించి. అందులో ఉన్న ప్రకారం ఫ్యాక్టరీ అంతా తిరిగి చూసి, స్టాండు సంగతి ఉత్తరంగా రాసి నా బల్ల మీద పెట్టింది. నేను సంతకం పెడితే సావుకారు దగ్గరికి పోవాలి. పరీక్షకు అలవాటవుతుందని పాపం ఇంగ్లీషులో రాసింది. నేనేం చేశాను? ఎర్రసిరా పెన్ను తీసి దిద్దాను. ఏడు తప్పులు. స్టాండు మంచిగా లేదు అన్నచోట కొట్టేసి, నిర్మాణపరంగా తగినంత సామర్థ్యం లేదు అనే అర్థం వచ్చే పెద్ద మాట రాశాను. అడుగున "శుభ్రంగా తిరగరాసి మళ్లీ ఇవ్వగలరు" అని రాసి, తేదీ వేసి, పొడుగు సంతకం పెట్టి ఆవిడకే తిరిగి ఇచ్చాను. ఆ పైన తనిఖీ పనుల్లో పడిపోయాను.

"ఆ స్టాండు సంగతి ఏమైనాదప్పా?" అని అక్క రెండుసార్లు అడిగింది.

"అది మెయింటెనెన్సు వాళ్ల పని అక్కా, హెచ్చార్ కిందికి రాదు. అయినా నువ్వు తిరగరాసి ఇయ్యలేదు గదా" అన్నాను.

మూడోసారి అడగలేదు. తిరగరాస్తూ ఉందేమో అనుకున్నాను.

ఒక మంగళవారం పదకొండు గంటలప్పుడు పెద్ద చప్పుడైంది. బండల ఫ్యాక్టరీలో చప్పుళ్లు మామూలే. కానీ దాని తర్వాత మిషన్లన్నీ ఒకటొకటిగా ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం అక్కడ నేను ఎప్పుడూ వినలేదు. పోయి చూస్తే స్టాండు పక్కకు ఒరిగి ఉంది. బండలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. పదిమంది గడ్డపారలతో ఎత్తుతున్నారు. కింద మడకశిరాయన. నడుము నుంచి కింద ఏమైందో నేను చూడలేదు, చూడలేకపోయాను. మొహం మాత్రం మామూలుగానే ఉంది. స్పృహ కూడా ఉంది. "ఒగ చెప్పు యాడనో పడిపోయినాది, రొంత సూడండప్పా. కొత్తవి" అన్నాడు. అందరూ ఆయన్ను ఎత్తి జీపులో పడుకోబెడుతుంటే నేను వంగి చెప్పు వెతికాను. నమ్మండి, నేను చేసిన పని అదొక్కటే. దొరికింది. తెచ్చి చూపించేసరికి జీపు కదిలిపోయింది. మస్టరక్క ఆయన తల ఒళ్లో పెట్టుకుని జీపులో కూర్చుని ఉంది. అనంతపురం ఆసుపత్రి దాకా ఆయన నిలవలేదు.

మర్నాడు పొద్దున సావుకారు నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. నాకు కుర్చీ చూపించడం అదే మొదలు. "సూడప్పా, ఆ మనిషి పేరు మన రికార్డుల్లో యాడా లేదు. కాంట్రాక్టరు తెచ్చినోడు. ఎవరినో సూడ్డానికి లోపలికి వచ్చినాడు, ప్రమాదం జరిగినాది. ఆ మాదిరి రాయి. లేబరాఫీసరుకు ఇయ్యాల. నువ్వు సదువుకున్నోడివి, నీకు నేను చెప్పాల్నా?" అన్నాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టే అన్నాడు.

నేను రాశాను. రెండు పేజీలు. గుర్తు తెలియని సందర్శకుడు ఒకరు, అనుమతి లేని ప్రదేశంలోకి, దురదృష్టవశాత్తు. ఒక్క తప్పు లేని ఇంగ్లీషు. సంతకం పెట్టి ఇచ్చాను. సావుకారు చదివించుకుని విని, "దీనికే గదప్పా నిన్ను పెట్టుకునింది" అన్నాడు. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ మాటకు నాకు ఒక్క క్షణం సంతోషం కలిగింది.

మస్టరు రాసే మనిషి సంతకం కూడా కావాలన్నాడు. కాగితం పట్టుకుని అక్క దగ్గరికి పోయాను. ఆవిడ చీర కొంగుకు ఇంకా మరక ఉంది. మార్చుకోలేదో, ఉతికినా పోలేదో. కాగితం మీద వేలు పెట్టి మాట మాట చదివింది.

"విజిటరంటే సూడ్డానికి వచ్చినోడు గదా?"

"ఔనక్కా."

"ఏడు నెల్లు దినామూ ఏం సూడ్డానికి వచ్చినాడప్పా ఆయన?"

ఆవిడ కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "నేను పెట్టను."

"ఉద్యోగం తీసేస్తాడక్కా."

"తీసేస్తాడు, తెలుసు. పెడితే ఉద్యోగం ఉంటాది, సదువు పోతాది." సొరుగు లాగి పోస్టులో వచ్చిన పుస్తకాల అడుగు నుంచి ఒక కాగితం తీసింది. ఆ సంఘంలో చేరేవాళ్లు పాటించాల్సిన నియమాలు. "సూడు. తప్పుడు కాగితం మింద సంతకం పెడితే సభ్యత్వం పీకేస్తారు. ఏడాదేడాదికీ రెన్యూవలు చేయించుకోవాల, చేయించుకున్నప్పుడల్లా ఇది సదివి సంతకం పెట్టాల. నేనింకా పరీక్షే పాసు కాలేదు. కాకముందే పోగొట్టుకోవాల్నా? నీ డిగ్రీ మింద ఇట్లాటిది ఏమన్నా రాసిండాదా?"

వెటకారానికి అడగలేదావిడ. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేను కూడా నిజంగానే పోయి చూశాను. ఊదుబత్తి పొగ పట్టిన అద్దం వెనక నా పేరు, నా నంబరు, రెండో తరగతి, ఆ పట్టాకు చెందిన సకల హక్కులూ గౌరవాలూ నావేనని ఒక వాక్యం. అంతే.

"లేదక్కా" అన్నాను తిరిగొచ్చి.

"అయితే నువ్వేం చేసినా నీది ఎవురూ పీకరా?"

"పీకరు."

"అదృష్టవంతుడివప్పా" అంది. అని, ఇంకో కాగితం తీసింది. ఎర్రసిరా దూరం నుంచే కనిపించింది. "ఇది నేను లేబరాఫీసరుకు ఇయ్యాల. ఇస్తే స్టాండు సంగతి అందరికీ ముందే తెలుసునని తేలతాది. నీ మెడకు కూడా వస్తాది. నీకు చెప్పకుండా ఇస్తే బాగుండదని చెప్తాండా."

నేను అప్పుడన్న మాట ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. "దాన్ని ఇంగోసారి తిరగరాయక్కా. నా సంతకం లేకుండా" అన్నాను. ఆవిడ నన్ను కాసేపు చూసి కాగితం సొరుగులో పెట్టి తాళం వేసుకుంది. నా మొహంలో ఆవిడకు ఏం కనిపించిందో ఊహించుకోవడానికి నాకు ఇప్పటికీ ధైర్యం చాలదు.

బయటికొస్తే గేటు దగ్గర మడకశిరాయన పెళ్లాం నేల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. కాంట్రాక్టరు ఫోను ఎత్తడం లేదట. కాగితాలు లేకపోతే ఆసుపత్రిలో శవాన్ని ఇవ్వరేమోనని ఎవరో చెప్పారట. నా మెడలో ఐడీకార్డు చూసి లేచి నిలబడింది.

"సామీ, నువ్వు ఈడ పెద్ద ఉద్యోగమంట గదా. మా ఆయప్ప ఈడనే పని చేసినాడని నీకు తెలుసు గదా?"

నా జేబులో రెండు పేజీలు ఉన్నాయి. "తెలుసమ్మా" అన్నాను. ఆ ఒక్క మాట అన్నాక ఆ రెండు పేజీలు చెల్లవని నాకే తెలిసిపోయింది. దీన్ని ధైర్యమని ఎవరూ అనుకోవద్దు. ఆమె కళ్లలోకి చూస్తూ అబద్ధం చెప్పడం ఎలాగో మాకు సిలబస్‌లో లేదు, అంతే.

అయినా ఆ రెండు పేజీలు చింపే ధైర్యం రాలేదు. సావుకారు తన దగ్గరున్న నకలు ఎలాగూ పంపించేశాడు. రెండ్రోజులకు లేబరాఫీసరు వచ్చాడు. ఎండకు వడలిపోయిన మనిషి, చంకలో లావాటి ఫైలు. బల్ల మీద ఒక పక్క నా నివేదిక, ఇంకో పక్క అక్క ఇచ్చిన ఎర్రసిరా ఉత్తరం పెట్టుకుని చాలాసేపు చూశాడు. సావుకారు నా వెనకే నిలబడి ఉన్నాడు.

"సందర్శకుడు అని రాసింది ఎవరు?"

"నేనే సార్."

"ఈ ఎర్రసిరా ఎవరిది?"

"అదీ నాదే సార్."

"ఏం చదివినావు?"

"ఎంబీయే హెచ్చార్ సార్."

"ఇంగ్లీషు బాగుండాది" అన్నాడు. రెండు కాగితాలూ నా ముందుకు జరిపాడు. "రెండిట్లో ఏది నిజం?"

వెనక సావుకారు దగ్గాడు. నాకు గోడ మీది పటాలు మూడూ కనిపిస్తున్నాయి. "ఎర్రసిరాది సార్. ఆయన ఏడు నెలలు ఇక్కడే పని చేశాడు. స్టాండు సంగతి నాకు ముందే తెలుసు" అన్నాను. గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే, ఆయన రెండోసారి చెప్పించుకుని రాసుకున్నాడు.

ఆ సాయంత్రమే నన్ను పొమ్మన్నారు. "ఇంగ దేనికప్పా నిన్ను పెట్టుకునింది?" అన్నాడు సావుకారు. నిజంగా బాధపడ్డాడనే అనుకుంటున్నాను. డిగ్రీ అడిగితే, గోడకు మేకు గట్టిగా దిగిపోయిందన్నాడు. (అడిగి అడిగి విసిగి, ఏడాది తర్వాత యూనివర్సిటీలో నకలు తీసుకున్నాను. దాని మీద అడ్డంగా డూప్లికేట్ అని ముద్ర ఉంటుంది. ఆ మాట నాకూ సరిగ్గానే సరిపోతుందని అప్పట్లో చాలా కాలం అనిపించేది.) మస్టరక్కను తీసేస్తే గొడవవుతుందని తీసేయలేదు. మస్టరు లాక్కుని బండబురద కడిగే పనికి పంపారు. ఆవిడ రెండు నెలలు ఆ పని చేస్తూనే పరీక్ష రాసి పాసైంది. ఆ నాలుగు అక్షరాలు పేరు పక్కన రాసుకుని వేరే ఫ్యాక్టరీలో చేరింది. కేసు మాత్రం చాలాకాలం నడిచింది.

నేను బెళుగుప్ప పోయి నాయనకు అంతా చెప్పాను. ఎర్రసిరా, రెండు పేజీలు, తిరగరాయమన్న మాట తప్ప అన్నీ. నాయన కుట్టడం ఆపకుండా విన్నాడు. చివర దారం తెంపి, "నీ సదువు సంగతి నాకు తెలీదు. ఆ ఇంటికి ఒగసారి పొయ్యిరా" అన్నాడు.

మడకశిర బస్సు దిగి ఇంకో ఆటో పట్టుకుని ఆ ఊరికి పోయేసరికి మధ్యాహ్నమైంది. మడకశిరాయన పెళ్లాం తన తోడబుట్టిన అక్క ఇంట్లో ఉంటోంది. ఇంటి పక్క గొర్రెల దొడ్డి ఖాళీగా ఉంది. నన్ను చూసి కోప్పడుతుందనుకున్నాను. చెంబుతో నీళ్లిచ్చి, రాగిముద్ద తిని పొమ్మంది. తింటుంటే లోపలి నుంచి ఒక సంచి తెచ్చింది. నష్టపరిహారం దరఖాస్తు వెనక్కి వచ్చిందట. పోలీసు కాగితంలో ఆయన పేరు ఒకలా ఉంది, రేషను కార్డులో ఇంకోలా ఉంది. కాంట్రాక్టరు చీటీలో అయితే పేరే లేదు, మడకశిర అని ఊరి పేరు ఉంది.

"నువ్వేం సదివినావు సామీ?" అని అడిగింది.

ఎం.బి.ఏ. అనడానికి నాకు నోరు రాలేదు. "పనోళ్ల పేర్లు రాసే సదువమ్మా" అన్నాను.

"అయితే మా ఆయప్పది సరిగ్గా రాయి."

చేయి కడుక్కుని కూర్చున్నాను. ఆయన అసలు పేరేమిటని అడిగాను. ఏడు నెలలు రోజూ చూసిన మనిషి పేరు అడగడం నాకు అదే మొదటిసారి. ఆమె చెప్పింది. ఇంటిపేరుతో సహా చెప్పింది, వాళ్ల ఊళ్లో ఎలా పలుకుతారో అలా చెప్పింది. నేను పెద్ద పెద్ద అక్షరాల్లో రాశాను. ఆమెకు చదువు రాదు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, "ఇదేమి? ఇదేమి?" అని నాతో పైకి పలికించుకుంది. రెండుసార్లు పలికించుకున్నాక సంచిలో పెట్టుకుని, "ఇంగ తిను, సల్లగయిపోయినాది" అంది. ఆ దరఖాస్తు ఆ తర్వాత వెనక్కి రాలేదు. ఆమెకు రావలసింది ఎన్నో వాయిదాల తర్వాతైనా వచ్చింది. రావలసిన మనిషి రాడు కాబట్టి దాని గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు.

తర్వాత మూడు ఇంటర్వ్యూలకు పోయాను. మూడు చోట్లా పాత ఉద్యోగం ఎందుకు వదిలేశావని అడిగారు. మొదటిచోట మరింత ఎదుగుదల కోసమని ఇంగ్లీషులో అబద్ధం చెప్పాను, ఉద్యోగం రాలేదు. రెండోచోట సగం నిజం చెప్పాను, అదీ రాలేదు. మూడోచోట ఇక పోయేదేముందని మొత్తం చెప్పేశాను. అక్కడున్న పెద్దాయన అంతా విని, తీసుకుంటాను గానీ ఆ పోస్టు చదువు నువ్వు కూడా చదవాలన్నాడు. చదివాను. చట్టాల పేపరు ఒకసారి తప్పాను కూడా. ఇప్పుడు నాకూ పేరు పక్కన ఆ అక్షరాలున్నాయి. ఏడాదికొకసారి ఆ నియమాల కాగితం చదివి సంతకం పెడతాను. డిగ్రీ పెద్దదా ఇది పెద్దదా అని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు. రెండూ ఉంటే మంచిదేనంటాను. చదువు డిగ్రీతోనే మొదలైంది మరి, దాన్ని ఎందుకు తీసిపారేయాలి?

ఈ మధ్య ఇంటర్వ్యూ బల్లకు ఇవతలి వైపు కూర్చునేది నేనే. అవతల నల్లగా మెరిసే బూట్లు, కొత్తగా ఇస్త్రీ చేసిన చొక్కా, చంకలో ఫైలు. పాత ఉద్యోగం ఎందుకు వదిలేశావు అని అడగ్గానే కొంతమంది పిల్లలు చూపు కిందికి దించేసి, మరింత ఎదుగుదల కోసం అని బట్టీ పట్టినట్టు చెప్పడం మొదలుపెడతారు. అప్పుడు నాకు ఆ ఇంటి నుంచి తిరిగొస్తూ మడకశిర రోడ్డు మీద బస్సు కోసం నిలబడి, రాబోయే ఇంటర్వ్యూలో ఏ అబద్ధం చెబితే బాగుంటుందా అని పెదాలు కదుపుతూ ఆలోచిస్తున్న ఒక కుర్రాడు కనిపిస్తాడు. వాడి మీద ఇప్పుడు కోపం రాదు. కొంచెం నవ్వొస్తుంది. నీళ్ల గ్లాసు ముందుకు జరిపి, "తొందరేం లేదు నాయనా, తాగి నిదానంగా చెప్పు" అంటాను.